నేల పదేపదే స్వల్పంగా కంపిస్తుంటే: వరుస ప్రకంపనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణా తీరాన చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల్లో గానీ, నల్లమల అంచున అచ్చంపేట వైపు గానీ నేల స్వల్పంగా కంపించిన ప్రతిసారీ ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రజల నుంచి దాదాపు ఇవే ప్రశ్నలు వినిపిస్తాయి. సౌదీలోనో, కాలిఫోర్నియాలోనో ఉన్న పిల్లలు అక్కడి ఎడారుల్లో వారాల తరబడి సాగే ప్రకంపనల గురించి ఫోనులో చెప్పినప్పుడు వాటికి ఇంకొన్ని తోడవుతాయి. రెండు రకాల ప్రశ్నలకూ ఒకేచోట సమాధానాలు ఇస్తున్నాము. అక్కడ జరిగేదీ ఇక్కడ జరిగేదీ పైకి ఒకేలా కనిపించినా కారణాలు వేరు; కనుక దేనికి భయపడాలి, దేనికి అక్కరలేదు అన్నది కూడా వేరుగానే తేల్చుకోవాలి.

వరుస ప్రకంపనలు అంటే ఏమిటి? మామూలు భూకంపానికీ వీటికీ తేడా ఏమిటి?

మామూలు భూకంపంలో ఒక పెద్ద కుదుపు స్పష్టంగా కనిపిస్తుంది. దాని వెనుక అనంతర ప్రకంపనలు వస్తాయి. అవి ఒక క్రమం ప్రకారం తగ్గిపోతాయి. జపాన్ శాస్త్రవేత్త ఒమోరి 1894లో గుర్తించిన ఆ క్రమం ప్రకారం, పదో రోజున వచ్చే ప్రకంపనల సంఖ్య మొదటి రోజు వాటిలో సుమారు పదోవంతు మాత్రమే ఉంటుంది. అనంతర ప్రకంపనల్లో అన్నింటికన్నా పెద్దది కూడా ప్రధాన భూకంపం కంటే సగటున 1.2 తక్కువ తీవ్రతతో ఉంటుంది.

వరుస ప్రకంపనల్లో ఇటువంటి పెద్ద దిక్కు ఉండదు. ఒకే చోట, గంటల నుంచి నెలల వరకు, కొన్నిసార్లు సంవత్సరాల వరకు, దాదాపు సమాన తీవ్రత గల చిన్న కుదుపులు వస్తూ ఉంటాయి. అతిపెద్దది మొదట్లోనే రావచ్చు, మధ్యలో రావచ్చు, చివర్లోనూ రావచ్చు. శాస్త్రవేత్తలు వీటిని స్వార్మ్ అంటారు. ఇక్కడొక చిక్కు ఉంది: ఫలానా ప్రకంపనల పరంపర స్వార్మ్ అని ఖాయంగా చెప్పగలిగేది అది ముగిసిన తరువాతే. నడుస్తుండగా అది స్వార్మా, రాబోయే పెద్ద భూకంపానికి ముందు వచ్చే కుదుపులా అన్నది విడదీసి చెప్పే సాధనం ఎవరి దగ్గరా లేదు. మిగిలిన ప్రశ్నల్లో సగం ఈ ఒక్క చిక్కు నుంచి పుట్టినవే.

ఇవి ఎడారి ప్రాంతాల్లోనే ఎక్కువగా వస్తాయని అంటారు. నిజమేనా?

ఎండకూ ఇసుకకూ భూకంపాలతో సంబంధం లేదు. థార్ ఎడారిలో అధిక భాగం ప్రశాంతంగా ఉంటుంది. దానికి దక్షిణాన ఉన్న కచ్ ఉప్పుటెడారి మాత్రం 1819లో ఒకసారి, 2001 జనవరి 26న మరోసారి దేశాన్నే కుదిపివేసింది. రెండూ ఎడారులే, కానీ అడుగున ఉన్న రాతిపొరల పరిస్థితి వేరు.

అయితే ప్రపంచంలో భూఫలకాలు, అంటే భూమి పైపొరలోని పెద్ద పలకలు, ఒకదానికొకటి దూరంగా జరుగుతున్న చోట్లలో కొన్ని ఎడారుల కింద ఉన్నాయన్నది వాస్తవం. ఇథియోపియాలోని అఫార్ లోయ, ఎర్ర సముద్రానికి ఇరువైపుల ఉన్న అరేబియా, సూడాన్ తీరాలు, కాలిఫోర్నియా దక్షిణాన ఉన్న సాల్టన్ సరస్సు పరిసరాలు అటువంటివి. అక్కడ భూమి పైపొర సాగి పలుచబడుతుంది, వేడెక్కుతుంది, చిన్నచిన్న ముక్కలుగా పగులుతుంది. ఆ పగుళ్లలోకి వేడినీరు, వాయువులు, కొన్నిచోట్ల శిలాద్రవం (కరిగిన రాయి) కూడా చొరబడతాయి. పొడవైన ఒకే భ్రంశం, అంటే రాతిపొరలు జారే పగులు, ఉన్నచోట ఒత్తిడి చాలా కాలం పేరుకుని ఒక్కసారిగా విడుదలవుతుంది. ముక్కలైన నేలలో, పైగా ద్రవాలు కదులుతున్న చోట, అది చిల్లర చిల్లరగా బయటపడే అవకాశం ఎక్కువ.

ఎడారి ప్రకంపనల గురించి మనకు బాగా తెలియడానికి మరో కారణమూ ఉంది. నేల ఎత్తుపల్లాల్లో సెంటీమీటర్ల తేడాను కూడా పట్టుకునే ఉపగ్రహ రాడార్‌కు చెట్లూ పంటలూ అడ్డు. ఎడారిలో ఆ అడ్డు ఉండదు. అందుకే 2005 సెప్టెంబరులో అఫార్‌లో కొద్ది వారాల్లోనే సుమారు 60 కిలోమీటర్ల పొడవున నేల విచ్చుకుని, కొన్నిచోట్ల 8 మీటర్ల వెడల్పు వరకు శిలాద్రవం నిలువు పలకలా చొచ్చుకు వచ్చిన తీరును శాస్త్రవేత్తలు ఆకాశం నుంచే కొలవగలిగారు. అదే సంఘటన దట్టమైన అడవిలో జరిగి ఉంటే ఇంత వివరంగా తెలిసేది కాదు.

మా అబ్బాయి సౌదీలో మదీనా–యాన్బు ప్రాంతంలో పనిచేస్తున్నాడు. అక్కడ వరుస ప్రకంపనలు వచ్చిన చరిత్ర ఉందా?

ఉంది. గల్ఫ్‌కు వలస వెళ్లే కుటుంబాలకు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

మదీనాకు వాయవ్యంగా, యాన్బుకు ఉత్తరాన, హర్రత్ లునైయ్యిర్ అనే పాత లావా మైదానం ఉంది. 2009 ఏప్రిల్ నుంచి జూన్ వరకు అక్కడ 30 వేలకు పైగా ప్రకంపనలు నమోదయ్యాయి. మే 19న వచ్చిన అతిపెద్దది 5.4 తీవ్రతకు చేరింది. నేలపై సుమారు 8 కిలోమీటర్ల పొడవున పగులు ఏర్పడింది. సమీపంలోని అల్ ఐస్ పట్టణం, చుట్టుపక్కల గ్రామాల నుంచి దాదాపు 40 వేల మందిని సౌదీ ప్రభుత్వం ఖాళీ చేయించింది. తరువాత పరిశీలిస్తే, లోతు నుంచి శిలాద్రవం పలకలా పైకి చొచ్చుకు వచ్చి, ఉపరితలానికి రెండు కిలోమీటర్ల లోతు వరకు చేరి అక్కడే ఆగిపోయిందని తేలింది. లావా బయటకు రాలేదు. కొన్ని నెలల తరువాత ప్రజలు తిరిగి ఇళ్లకు చేరుకున్నారు.

ఖాళీ చేయించడం అనవసరమైందని అప్పట్లో ఎవరికైనా అనిపించి ఉంటే అది పొరపాటు. ఆ ప్రాంతంలో శిలాద్రవం బయటకు రావడం ఊహ కాదు: మదీనా దగ్గర 1256లో లావా పారిన చరిత్ర ఉంది. శిలాద్రవం కదలికతో వచ్చే ప్రకంపనల్లో అసలు ప్రమాదం కుదుపు ఒక్కటే కాదు, దాని వెనుక వస్తున్న వేడి రాయి. మీ అబ్బాయి చేయవలసిందల్లా ఇదే: అక్కడి పౌర రక్షణ శాఖ ఖాళీ చేయమంటే యజమాని అనుమతి కోసమో, జీతం లెక్క కోసమో ఆగకుండా కదలాలి, పాస్‌పోర్టు, ఇకామా (నివాస అనుమతి పత్రం) కాపీలు ఫోనులో భద్రపరచుకోవాలి. అంతకు మించి రోజూ ఆందోళన చెందవలసిన అవసరం లేదు.

కాలిఫోర్నియాలో చిన్న ప్రకంపనలు మొదలైనప్పుడల్లా పెద్ద భూకంపం హెచ్చరిక వస్తుందట. అదేమిటి?

సాల్టన్ సరస్సు ఎడారి మధ్యలోని పల్లంలో ఉంది. 1905లో కొలరాడో నది కాలువ గట్టు తెగి నీరు ఆ పల్లంలోకి మళ్లడంతో ప్రస్తుత సరస్సు ఏర్పడింది. సాన్ ఆండ్రియాస్ భ్రంశం దక్షిణపు కొస ఆ సరస్సు తీరాన ముగుస్తుంది. ఇంకొంచెం దక్షిణాన ఇంపీరియల్ భ్రంశం మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య నేల సాగుతున్న చోటనే వరుస ప్రకంపనలు తరచూ వస్తాయి. 2012 ఆగస్టులో బ్రాలీ పట్టణం దగ్గర ఒకటిన్నర గంటల తేడాతో 5కు మించిన కుదుపులు రెండు వచ్చాయి, వందల చిన్నవి వాటి చుట్టూ వచ్చాయి.

2016 సెప్టెంబరులో సరస్సు అడుగునే ప్రకంపనలు మొదలైనప్పుడు అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఒక ప్రకటన చేసింది: వచ్చే వారం రోజుల్లో సాన్ ఆండ్రియాస్ దక్షిణ భాగంలో 7 లేదా అంతకు మించిన భూకంపం రావడానికి అవకాశం 0.03 నుంచి 1 శాతం వరకు ఉందని. మామూలు రోజులతో పోలిస్తే ఆ అంకె చాలా ఎక్కువ. విడిగా చూస్తే, రాకపోవడానికే 99 శాతం అవకాశం. రెండు మాటలూ నిజమే. పెద్ద భూకంపం రాలేదు, ప్రకంపనలు కొద్ది రోజుల్లో సద్దుమణిగాయి. హెచ్చరిక అంటే జోస్యం కాదని, అవకాశాన్ని అంకెల్లో చెప్పడమని ప్రజలకు అలవాటు చేయడంలో ఆ ప్రకటన మేలైన నమూనా అని మా అభిప్రాయం. మన వైపు కూడా ఇటువంటి ప్రకటనలు వస్తే పుకార్లకు చోటు తగ్గుతుంది.

అదే రాష్ట్రంలో కహుయిల్లా దగ్గర 2016 నుంచి 2019 వరకు సాగిన వరుసలో కంప్యూటర్ల సాయంతో 22 వేలకు పైగా సూక్ష్మ ప్రకంపనలను లెక్కించారు. అతిపెద్దది 4.4. లోతైన ఒక పొర నుంచి ద్రవం మెల్లగా పైకి ఊరుతూ, రాతి పగుళ్ల మధ్య దారి వెతుక్కుంటూ పోతున్నకొద్దీ ప్రకంపనలూ దాని వెంట జరుగుతూ వచ్చాయని ఆ పరిశీలన చూపింది.

మన జిల్లాల్లో శిలాద్రవమూ లేదు, ఫలకాల అంచూ లేదు. మరి ఇక్కడ ఎందుకు కంపిస్తోంది?

మన కాళ్ల కింద ఉన్న గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. దేశంలోకెల్లా గట్టి పునాదుల్లో ఇదొకటి. అయినా భారత ఫలకం ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల దగ్గర అడ్డుపడుతోంది. ఆ ఒత్తిడి ఫలకం అంతటా వ్యాపిస్తుంది. గట్టి రాయిలో కూడా ఎప్పుడో ఏర్పడి మూసుకున్న పాత పగుళ్లు ఉంటాయి. అవి ఒత్తిడిని భరించలేని స్థితికి దగ్గరగా ఉన్నచోట చిన్న కారణం తోడైనా కదులుతాయి.

ఇటీవలి అనుభవాలు చూడండి. 2020 జనవరిలో పులిచింతల జలాశయం పరిసరాల్లో, ముఖ్యంగా సూర్యాపేట జిల్లా చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల్లో, అనేక చిన్న ప్రకంపనలు వచ్చాయి. వాటిలో పెద్దది జనవరి 26 తెల్లవారుజామున సుమారు 4.6 తీవ్రతతో వచ్చి కృష్ణకు ఇరువైపులా ప్రజలను నిద్రలేపింది. 2021 జూలై 26 తెల్లవారుజామున నాగర్‌కర్నూల్ జిల్లా వైపు 4.0 తీవ్రత గల భూకంపం నమోదైంది. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో వచ్చిన 5.3 భూకంపం హైదరాబాదు వరకు తెలిసింది. మూడు రోజులకు, డిసెంబర్ 7న, మహబూబ్‌నగర్ జిల్లాలో 3.0 తీవ్రతతో మరొకటి వచ్చింది. వీటిలో వరుస ప్రకంపనలు అనదగినది పులిచింతల ఒక్కటే. మిగిలినవి విడివిడి సంఘటనలు. ములుగు భూకంపం గోదావరి లోయ వెంట ఉన్న పాత భ్రంశాలకు చెందినది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం కూడా ఆ లోయదే. వాటన్నిటినీ ఒకే దారానికి గుచ్చి, రాష్ట్రం మొత్తం కదులుతోందని చెప్పడం సరికాదు.

జలాశయాలు నిండితే భూకంపాలు వస్తాయా? సాగర్, శ్రీశైలం సంగతేమిటి?

కొన్ని జలాశయాల దగ్గర వస్తాయి. నీటి బరువు కింది రాతిపై పడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, నీరు పగుళ్లలోకి ఇంకి, అక్కడి పీడనాన్ని పెంచి, ఒకదానికొకటి అదుముకుని ఉన్న రాతి ముఖాలను జారేటట్లు చేస్తుంది. ఇంకడానికి వ్యవధి పడుతుంది కనుక జలాశయం నిండిన కొన్ని వారాలకో నెలలకో ప్రకంపనలు మొదలవడం పరిపాటి. 2019 వానకాలపు వరదలకు పులిచింతల నిండింది, మరుసటి జనవరిలో నేల కంపించింది. అందువల్లనే ఆ ప్రకంపనలకు జలాశయంతో ముడి ఉందన్న అభిప్రాయం బలపడింది.

ఈ విషయంలో ప్రపంచానికి పాఠ్యపుస్తకం మహారాష్ట్రలోని కొయినా. అక్కడ 1962 నుంచి నీరు నింపడం మొదలైంది, చిన్న ప్రకంపనలు వెంటనే ప్రారంభమయ్యాయి, 1967 డిసెంబర్ 11న 6.3 తీవ్రత గల భూకంపం వచ్చి సుమారు 180 మంది మరణించారు. అరవై ఏళ్లు గడిచినా అక్కడ ప్రకంపనలు ఆగలేదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే మనం ఎన్జీఆర్ఐ అని పిలిచేది, దశాబ్దాలుగా కొయినాను పరిశీలిస్తోంది.

కానీ కొయినాను చూపించి ప్రతి జలాశయాన్నీ అనుమానించడం తగదు. నాగార్జునసాగర్‌లో 1967 నుంచి నీరు నిలుస్తోంది. శ్రీశైలం నాలుగు దశాబ్దాలుగా నిండుతూ ఖాళీ అవుతూ ఉంది. ఈ రెండు చోట్లా కొయినా స్థాయి భూకంపం రాలేదు. నీరు ఉన్న ఒత్తిడిని కాస్త ముందుగా బయటపెడుతుంది తప్ప, లేని ఒత్తిడిని పుట్టించలేదు. అడుగున సిద్ధంగా ఉన్న భ్రంశం ఉంటేనే నీరు ప్రభావం చూపుతుంది.

సిమెంటు ఫ్యాక్టరీల క్వారీ పేలుళ్లనే భూకంపం అంటున్నారని మా ఊళ్లో వాదన. ఎలా తేల్చుకోవాలి?

హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతాల్లో సున్నపురాయి క్వారీలు ఎక్కువ కనుక ఈ అనుమానం సహజం. అయితే క్వారీ పేలుళ్లు పగటిపూట, పని వేళల్లో, సాధారణంగా నిర్ణీత సమయాల్లో జరుగుతాయి. ప్రకంపనలకు వేళ ఉండదు. తెల్లవారుజామున రెండున్నరకు వచ్చిన కుదుపును పేలుడు ఖాతాలో వేయలేము. భూకంపలేఖినికి ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పేలుడు జరిగితే చుట్టూ ఉన్న అన్ని కేంద్రాలవైపూ నేల మొదట బయటికే నెట్టబడుతుంది; భ్రంశం జారినప్పుడు కొన్ని దిక్కుల్లో నెట్టినట్లు, మరికొన్ని దిక్కుల్లో లాగినట్లు నమోదవుతుంది.

పేలుళ్ల వల్ల ఇళ్ల గోడలు బీటలు వారుతున్నాయన్న ఫిర్యాదు మాత్రం వేరే విషయం. అది నిజమై ఉండవచ్చు, దానిని గనుల శాఖ దృష్టికి తీసుకువెళ్లాలి. ఒక ఫిర్యాదును మరొకదానితో కలిపితే రెండూ బలహీనపడతాయి.

బోర్లు ఎక్కువగా వేయడం వల్ల నేల కంపిస్తోందా?

లేదు. మన బోర్లు వెయ్యి అడుగులు దాటినా అది 300 మీటర్ల పైచిలుకే. ప్రకంపనలు పుట్టేది కిలోమీటర్ల లోతులో. అమెరికాలోని డెన్వర్ దగ్గర 1962లో మొదలుపెట్టి సుమారు 3,670 మీటర్ల లోతు బావిలోకి వ్యర్థ ద్రవాన్ని పంపు చేసినప్పుడు భూకంపాలు వచ్చిన మాట నిజం. అది లోతుకు ఒత్తిడితో నెట్టడం. మనం చేస్తున్నది పైపొర నుంచి తోడుకోవడం.

కుదుపు కంటే ముందు పెద్ద శబ్దం వినిపిస్తోంది. భూమి లోపల ఏదైనా పేలుతోందా?

ఈ శబ్దమే ప్రజలను ఎక్కువగా భయపెడుతుంది, కానీ దీనికి కారణం సరళమైనది. భూకంపం నుంచి మొదట బయలుదేరే తరంగాలు ధ్వని తరంగాల వంటివే. నేలపైకి చేరినప్పుడు వాటిలో కొంత భాగం గాలిలోకి ప్రవేశించి ఉరుములానో, దూరంగా లారీ కంకర దించినట్లో వినిపిస్తుంది. నేలను అడ్డంగా ఊపే తరంగాలు వాటి వెనుక, కొంచెం ఆలస్యంగా చేరతాయి. ప్రకంపన కేంద్రం ఎంత దగ్గరగా, ఎంత తక్కువ లోతులో ఉంటే శబ్దం అంత స్పష్టంగా ఉంటుంది.

గ్రానైటు నేలలో ఇది మరింత ఎక్కువ. పరుపుబండ ఒక కొసన సుత్తితో కొడితే మరో కొసన చెయ్యి ఆనించినవాడికి తెలిసినట్లే, గట్టి రాయి పలుచని, వేగమైన కంపనాన్ని పెద్దగా మింగకుండా చేరవేస్తుంది. అందుకే ఒకటి రెండు తీవ్రత గల అతి చిన్న ప్రకంపనలు కూడా మన వైపు చప్పుడుగా తెలుస్తాయి. 2020 అక్టోబరులో భారీ వర్షాల సమయంలో హైదరాబాదు బోరబండ ప్రాంతంలో వినిపించిన శబ్దాలు ఇటువంటివే. అక్కడ నమోదైనవి సూక్ష్మ ప్రకంపనలు మాత్రమే. ఎడారి లోయల్లో వేల అడుగుల మందాన ఉండే మెత్తని ఒండ్రు ఈ శబ్దాన్ని చాలావరకు పీల్చేస్తుంది, కానీ పెద్ద భూకంపం వచ్చినప్పుడు నెమ్మదైన ఊపును మరింత పెంచుతుంది. ఆ విషయంలో మన నేల మనకు మేలే చేస్తోంది.

చిన్నవి తరచూ వస్తే ఒత్తిడి తగ్గి పెద్దది రాకుండా పోతుందా?

వినడానికి ఊరటగా ఉంటుంది గానీ లెక్కకు నిలవదు. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. రెండు అంకెలు పెరిగితే వెయ్యి రెట్లు. అంటే 6 తీవ్రత గల ఒక్క భూకంపంలోని శక్తి 3 తీవ్రతగల ప్రకంపనల రూపంలో బయటపడాలంటే అవి దాదాపు 32 వేలు రావాలి. ఏ వరుసలోనూ మనకు అన్ని రాలేదు.

అయితే ఈ చిన్నవి పెద్దదానికి సూచనలా?

ఎక్కువ సందర్భాల్లో కాదు. కొన్ని సందర్భాల్లో అవును. ఈ రెండో భాగాన్ని దాచి ధైర్యం చెప్పడం మాకు ఇష్టం లేదు.

మనకు అత్యంత సమీపంలోని ఉదాహరణ లాతూరు జిల్లా కిల్లారి. అది కూడా మనలాగే దక్కను పీఠభూమి నడిమి ప్రాంతం, భూకంపాలు రావని అందరూ అనుకున్న చోటు. 1992 ఆగస్టు నుంచి అక్టోబరు వరకు అక్కడ చిన్న ప్రకంపనలు వరుసగా వచ్చాయి. వాటిలో పెద్దది 4 తీవ్రతకు చేరింది. ఆ తరువాత దాదాపు సద్దుమణిగింది. సుమారు ఏడాది గడిచాక, 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో, 6.2 తీవ్రత గల భూకంపం వచ్చి సుమారు ఎనిమిది నుంచి పది వేల మందిని బలి తీసుకుంది. ముందు వచ్చిన వరుసకూ తరువాతి భూకంపానికీ సంబంధం ఉందని వెనుదిరిగి చూస్తే స్పష్టంగానే కనిపిస్తుంది. కానీ 1992 నవంబరులో ఆ గ్రామంలో నిలబడినవారికి అది ముగిసిన కథలాగే కనిపించి ఉంటుంది.

ఇటలీలో లాక్విలా పట్టణం దగ్గర కూడా నెలల తరబడి చిన్నవి వచ్చాక 2009 ఏప్రిల్ 6న 6.3 భూకంపం వచ్చి 300 మందికి పైగా చనిపోయారు. ప్రజలకు తప్పుడు ధీమా కలిగించారని శాస్త్రవేత్తలపై కేసు పెట్టారు. 2012లో శిక్ష పడింది, 2014లో అప్పీలులో శాస్త్రవేత్తలు నిర్దోషులుగా బయటపడ్డారు. ఎడారి ప్రాంతం తీసుకుంటే, కాలిఫోర్నియాలోని రిడ్జ్‌క్రెస్ట్ వద్ద 2019 జూలై 4న 6.4 భూకంపం వచ్చింది. చాలామంది అదే ప్రధానమనుకున్నారు, మరుసటి రోజే 7.1 వచ్చింది.

మరోవైపు చూస్తే, మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో 2018 నవంబరులో మొదలైన వరుస ఏళ్ల తరబడి సాగినా విధ్వంసకరమైన భూకంపానికి దారి తీయలేదు. పులిచింతల సద్దుమణిగింది. జపాన్‌లోని మత్సుషిరోలో 1965–67 మధ్య 7 లక్షలకు పైగా ప్రకంపనలు వచ్చి, కొండల నుంచి నీరు ఉబికి, చివరకు మహా భూకంపమేదీ లేకుండానే ఆగిపోయాయి. కాలిఫోర్నియా అనుభవం ప్రకారం, ఏదైనా ఒక భూకంపం వెనుక వారంలోగా అంతకన్నా పెద్దది రావడానికి అవకాశం సుమారు 5 శాతం. ఆ పెద్దది కూడా చాలాసార్లు కొంచెం మాత్రమే పెద్దది. కనుక వరుస ప్రకంపనలు వస్తున్న రోజుల్లో ఊరు వదిలి వెళ్లనక్కరలేదు, కానీ మీరు నిద్రపోయే గది గోడలను ఒకసారి శ్రద్ధగా చూసుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు.

ఎటువంటి ఇళ్లకు ప్రమాదం ఎక్కువ?

కిల్లారిలో మనుషులను చంపింది ఇళ్లు. రెండు మూడు అడుగుల మందంతో, గుండ్రని రాళ్లను మట్టితో పేర్చిన గోడలు. వాటిపై కర్ర దూలాలు. దూలాలపై ఏళ్ల తరబడి వేస్తూ వచ్చిన మట్టి. ఎండాకాలం చల్లగా ఉంచే ఆ బరువే తెల్లవారుజామున నిద్రలో ఉన్నవారిపై కూలింది. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, దేవరకొండ వైపు పాత మిద్దె ఇళ్లు చూసినవారికి ఈ వర్ణన కొత్తగా అనిపించదు.

ఇటువంటి గోడకు రెండు ముఖాలు ఉంటాయి, లోపలి వరుస ఒకటి, బయటి వరుస ఒకటి. మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ నింపుతారు. ఊగినప్పుడు రెండు ముఖాలూ విడిపోయి, గోడ కడుపు ఉబ్బి కూలుతుంది. కొత్తగా కట్టేటప్పుడు ప్రతి రెండు అడుగుల ఎత్తుకూ, నాలుగడుగులకు ఒకటి చొప్పున, గోడ మందమంతా పట్టే పొడవాటి రాయిని అడ్డంగా వేస్తే ఈ విడిపోవడం చాలావరకు ఆగుతుంది. తలుపులు, కిటికీల పైన ఇల్లంతా చుట్టివచ్చేటట్లు కాంక్రీటు బీము వేయడం అన్నిటికన్నా ముఖ్యం. తలుపు మీద మాత్రమే ముక్కగా వేసే లింటెల్ ఆ పని చేయదు. పాత ఇల్లు పడగొట్టే స్తోమత లేనివారు మిద్దెపై పేరుకున్న అదనపు మట్టిని తీయించి బరువు తగ్గించుకోవచ్చు, ఉబ్బిన గోడ పక్కన మంచం వేయకుండా ఉండవచ్చు.

రేకుల ఇళ్లు తేలిక కనుక కొంత నయం. అయితే గాలికి రేకులు లేవకుండా పైన పేర్చే రాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. చిన్న ప్రకంపనకు కూడా మొదట జారేవి అవే. రాళ్లు తీసి, రేకులను హుక్ బోల్టులతో బిగించుకోవాలి. పట్టణాల్లోని స్లాబు ఇళ్లలో పిట్టగోడలపై పూలకుండీలు, మంచాలకు ఎగువన సజ్జల మీద ఇత్తడి సామాను, గోడకు బిగించని బీరువాలు చూసుకోవాలి.

2002 నాటి భూకంప మండలాల పటంలో మన జిల్లాల్లో అధిక భాగం అతి తక్కువ ప్రమాదం గల రెండో మండలంలో ఉంది. అక్కడక్కడా దానిని అసలు ప్రమాదమే లేదన్న అర్థంలో వాడుతున్నారు. కిల్లారిలో భూకంపం వచ్చిన నాటికి ఆ ప్రాంతాన్నీ పటంలో అతి తక్కువ ప్రమాదం గల మండలంలోనే చూపారు.

కుదుపు వచ్చిన క్షణంలో ఏం చేయాలి? రాత్రిళ్లు బయట పడుకోవాలా?

స్లాబు ఇంట్లో ఉంటే గట్టి బల్ల కిందికి చేరి తలను కాపాడుకోవాలి. మెట్ల వైపు పరుగెత్తకూడదు. పాత మట్టి–రాతి ఇంట్లో గుమ్మానికి దగ్గరగా ఉంటే వెంటనే బయటికి వచ్చి గోడలకు, కరెంటు తీగలకు దూరంగా నిలబడటం మేలు. కుదుపు ఆగాక గ్యాస్ సిలిండర్ ఆపేయాలి. గాయపడినవారు ఉంటే 112కు ఫోన్ చేయాలి.

వరుస ప్రకంపనలు సాగుతున్న రోజుల్లో, బీటలు వారిన మిద్దె ఇంట్లో ఉండేవారు బంధువుల ఇంట్లోనో, పాఠశాలలోనో పడుకోవడం సబబైన నిర్ణయమే. అందులో పిరికితనం ఏమీ లేదు. బాగా కట్టిన ఇంట్లో ఉన్నవారు, ముఖ్యంగా వృద్ధులూ పసిపిల్లలూ ఉన్నవారు, చలిలో ఆరుబయట రాత్రులు గడపనవసరం లేదు.

మాకు స్పష్టంగా తెలిసిన ప్రకంపన యాప్‌లో ఎందుకు కనిపించదు? ఎవరికి తెలియజేయాలి?

ఢిల్లీలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం తన వెబ్‌సైట్‌లోనూ భూకంప్ యాప్‌లోనూ వివరాలు ఇస్తుంది, కానీ రెండు తీవ్రత లోపు ప్రకంపనను గుర్తించాలంటే భూకంపలేఖిని కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉండాలి. దూరపు కేంద్రాలతో లెక్కించినప్పుడు స్థానంలో కొన్ని కిలోమీటర్ల తేడా రావడం మామూలే. వార్తల్లో తరచూ కనిపించే పది కిలోమీటర్ల లోతు అన్న అంకె కూడా చాలాసార్లు కొలిచినది కాదు, లోతు తేలనప్పుడు లెక్క కోసం పెట్టుకున్నది. ఊళ్లో తాత్కాలికంగా పరికరాలు పెడితేనే అసలు లోతు, అసలు దిశ తెలుస్తాయి. పులిచింతల దగ్గర ఎన్జీఆర్ఐ పరికరాలు ఏర్పాటు చేసింది అందుకే.

కనుక ప్రకంపన తెలిసిన వెంటనే సమయాన్ని నిమిషాలతో సహా రాసిపెట్టుకుని, శబ్దం ముందు వచ్చిందా, ఎన్ని సెకన్లు సాగింది, గిన్నెలు కదిలాయా, గోడ బీటలు వారిందా అన్న వివరాలను తహసీల్దారు కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. కొత్త బీటలకు రెండు కొసలా పెన్సిలుతో గీత గీసి తేదీ వేస్తే, అవి పెరుగుతున్నాయో లేదో తరువాత వచ్చే ఇంజినీరుకు వెంటనే తెలుస్తుంది. ఊరి దగ్గర పెట్టిన పరికరం చుట్టూ పశువులను కట్టడం, పక్కనే ట్రాక్టరు నిలిపి ఇంజను నడపడం చేయకండి. ఆ కంపనాలన్నీ అందులో నమోదై, అసలు ప్రకంపనలు వాటిలో కలిసిపోతాయి.